రెండో సంతకం

“ఇరవై రెండు ఫారాలు ఇచ్చి పంపితే మూడు సంతకాలతో తిరిగొచ్చావా లోవా?”

మా ఆయన ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ పప్పు కడుగుతూ వినపడనట్టు ఊరుకున్నాను. ఇంకా కడిగితే గిన్నెలో పప్పు మిగిలేలా లేదు.

“మూడు కాదండి, రెండు. తబిత గారు సంతకం పెట్టారు గాని, నేను గుమ్మం దిగేలోపు వెనక్కి పిలిచి కొట్టేశారు.”

ఆయన చాప మీద కూర్చుని కాగితాలన్నీ ఎదురుగా పరిచారు, తెల్లవారుజామున మా కొట్లో చేపలు పరిచినట్టు వరసలు వరసలుగా. ప్రతి కాగితం మీదా తండ్రి సంతకం ఉంది. రెండింటి మీద తప్ప తల్లి సంతకం ఉండాల్సిన గీత ఖాళీ, తబిత గారిదైతే కొట్టేసి ఉంది.

ఇదివరకు ఆ ఫారం మీద ఒకటే గీత ఉండేది. ఒకరు పెడితే ఎలా సరిపోతుంది, రేపేదైనా జరిగితే రెండోవాళ్లు వచ్చి మన పీక పట్టుకోరా అని కిందటేడు పోరు పెట్టి రెండో గీత గీయించింది నేనే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

రేపు పొద్దున్న ఏడింటికి బస్సు. కోరుకొండ కొండ కింద రెండు రోజుల క్యాంపు. మా స్కౌటు దళం పిల్లలు ఏడాదిగా ఎదురుచూస్తున్న మూడో సోపానం పరీక్ష అక్కడే. ఎనిమిదేసి మంది జట్లు రెండు ఉంటేనే పరీక్ష పెడతారు. పదిహేను మంది వెళ్తే కొండ చూసి రావడమే. పేర్లు ఈ సాయంత్రం ఆరింటిలోపు జిల్లా ఆఫీసులో రమేష్ బాబు గారికి చెప్పాలి.

“శ్యాంబాబు ఇంట్లో ఏం చెప్పావు?” అన్నారు మా ఆయన.

“ఏం చెప్పలేదండి. ఆవిడ పెన్ను తేవడానికి లోపలికెళ్లింది. ఆయన ఉన్నారు కదాని, కొండ మీద కోతులుంటాయి, మీ వాడు జేబులో బిస్కెట్లు పెట్టుకునే రకం, కాస్త చూసుకోమనండి అన్నాను.”

“అంతేనా?”

“కోతి కరిస్తే ఎన్ని ఇంజక్షన్లో కూడా చెప్పాను. అడిగారు కదండి.”

“ఆయన అడిగాడా?”

“అడగబోయారు.”

మా ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. “తబిత గారింట్లో?”

“పిడుగుల గురించి.”

“పిడుగులా?”

“దసరా వానలు ఇంకా పోలేదు కదండి. కొండంటే ఎత్తు. పిడుగు ఎత్తుగా ఉన్నదాని మీదే పడుతుందని మీరే కదా పిల్లలకి పాఠం చెప్పారు.”

“పిడుగు పడేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పడానికి చెప్పాను లోవా. పడుతుందని చెప్పడానికి కాదు.”

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మా మావయ్య బుల్లియ్య తల ఇటు తిప్పారు. డెబ్బై ఐదేళ్ల మనిషి. గోదారి మీద అరవై ఏళ్లు పడవ నడిపారు. ఆయనకి స్కౌటింగంటే ఇప్పటికీ అర్థం కాదు. నీళ్ల ఒడ్డున పుట్టినోళ్లకి తాడుకి ముడులు వెయ్యడం నేర్పడానికి యూనిఫారం దేనికి అంటారు.

“ఆ అమ్మాయిని తిట్టకురా. కొట్లో ఏం చేస్తుందో అక్కడా అదే చేసింది.”

అది నిజమే. నేను మొప్ప ఎత్తి చూపించకుండా చేప అమ్మను. నిన్నటిదైతే నిన్నటిదని చెప్తాను. అందుకే మార్కెట్లో ఎన్ని కొట్లున్నా జనం నా దగ్గరికే వస్తారు. పిల్లని రెండు రోజులు మన చేతిలో పెట్టమని అడుగుతూ, లోపల ఏముందో చూపించకుండా ఎలా సంతకం అడగను?

“మొప్ప ఎర్రగా ఉందని చూపిత్తే కొంటారమ్మా,” అన్నారు మావయ్య, సూది వలలో దూరుస్తూ. “నువ్వు మొప్ప ఎత్తి, ఇది తిన్నాక ముల్లు గొంతులో అడ్డం పడితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో కూడా సెప్పొచ్చావు.”

గుమ్మం పక్కన కూర్చున్న మా రమ్యశ్రీ నవ్వలేదు. తాతయ్య ఏమన్నా నవ్వే పిల్ల అది. తాడు తీసుకుని కిటికీ ఊచకి ముడి వేస్తోంది, విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది పది, ఆదివారాలన్నీ ట్యూషనుకే పోతాయి. ఈ పరీక్ష ఇప్పుడు తప్పితే మళ్లీ లేదు.

మా ఆయన కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి లెక్కపెట్టారు. మళ్లీ పెట్టారు.

“ఇరవై ఒకటే ఉన్నాయి.”

“సరిగ్గా చూడండి.”

“మన పిల్లది ఏది?”

తాడు ముడి దగ్గర ఆగిపోయింది. అరుగు మీద సూది కూడా ఆగింది.

“సంచిలో ఉంటుంది లెండి. పప్పు మాడుతోంది, ఉండండి.”

“ఇంకా పొయ్యి వెలిగించలేదు లోవా.”

అది నా చేతి సంచిలోనే ఉంది, మందుల డబ్బా అడుగున నాలుగు మడతలు పెట్టి. దాని మీద మా ఆయన సంతకం పడి వారం అయింది. నాది పడలేదు. పెన్ను తీసుకుంటాను, గీత దాకా వెళ్తాను, చెయ్యి అక్కడ ఆగిపోతుంది. కారణం చెప్పమంటే చెప్పలేను. పిల్లని ఏ పామూ కరవలేదు, ఏ నీళ్లలోనూ పడలేదు. కొందరికి పిల్ల ఎదురుగా కనిపిస్తుంటే భయం తగ్గుతుందంటారు. నాకు పిల్లని చూస్తేనే మొదలవుతుంది.

మా ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితాలు ఒద్దికగా సర్ది నా ముందు పెట్టారు.

“నిన్ను పెట్టమని నేను అడగను. కానీ ఒక మాట. పదకొండేళ్లు ఈ దళం నడిపాను. ఏ ఏడాదీ క్యాంపు మానలేదు. ఈసారి పదహారు మంది రాకపోతే ఇంతటితో ఆపేస్తాను. ఆదివారం కూడా కొట్టు తెరుద్దాం.”

ఆ మాట అనేసి లోపలికెళ్లి బెల్టు బిళ్ల తోముకోవడం మొదలెట్టారు. ఆ బిళ్ల అప్పటికే అద్దంలా ఉంది.

*

నేను ఈ దళంలో లీడరునయ్యానంటే నాకే నమ్మకం కుదరదు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషిని. రెండేళ్ల కిందట రమ్యశ్రీ దళంలో చేరినప్పుడు, ప్రతి ఆదివారం దాని వెనకాలే వెళ్లి గ్రౌండు గోడ పక్కన నీళ్ల సీసా, దూది, పసుపు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆడపిల్లలకి లీడరుగా ఉన్న టీచరు గారు బదిలీ అయ్యారు. ఎలాగూ వచ్చి కూర్చుంటున్నావుగా అని మా ఆయన నీలం చీర కట్టించి, శిక్షణకి పంపి, మెడలో స్కార్ఫు వేయించారు.

అప్పట్నుంచి హాజరు పట్టీ నాది, మందుల పెట్టె నాది, తల్లిదండ్రుల ఫోన్లు నావి. స్కార్ఫు పోయిందని ఒకరు. మా వాడు గుడారం వెయ్యడం నేర్చుకుని మంచం మీద దుప్పటితో వేశాడు, పడుకోవడానికి చోటు లేదని ఒకరు. దీనికి ఇంటర్లో మార్కులు కలుపుతారా అని అందరూ.

పన్నెండు గంటలకి ఆశాజ్యోతి స్కూటరు మీద వచ్చింది. మా దళంలోనే పెరిగిన అమ్మాయి, డిగ్రీ అయ్యాక మాతో పాటు పిల్లల్ని చూసుకుంటోంది.

“తబిత గారింట్లో అందరూ చేరారంట అక్కా. వెళ్దాం పదండి. కానీ ఈసారి మీరు మాట్లాడకండి. నేను మాట్లాడతాను.”

“ఒక్క మాట కూడానా?”

“నమస్కారం అనొచ్చు.”

దారి పొడుగునా ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను.

“లారీ, లారీ, చూసుకో.”

“అది ఆగి ఉంది అక్కా.”

“కదిలితేనో?”

“డ్రైవరు టీ తాగుతున్నాడు.”

తబిత గారి హాల్లో తొమ్మిది మంది తల్లులున్నారు, మగవాళ్లలో శ్యాంబాబు గారొక్కరు. బ్యాటరీల కొట్టు మూసుకుని మరీ వచ్చారు. తబిత గారు పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఇంకా బట్టలైనా మార్చుకోలేదు.

“నమస్కారం అండి,” అన్నాను. నాకు ఇచ్చిన కోటా అయిపోయింది.

ఆశాజ్యోతి గొంతు సవరించుకుంది. క్యాంపులో పిల్లలకి కలిసికట్టుగా ఉండటం అలవాటవుతుందని, తమ పని తాము చేసుకుంటారని, ధైర్యం వస్తుందని చక్కగా చెప్పింది. నాకే ముచ్చటేసింది. కానీ వాళ్లెవరూ ఆమెని చూడటం లేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

“అది సరేనమ్మా,” అన్నారు తబిత గారు. “లోవలక్ష్మి గారిని చెప్పనివ్వు. పదిహేనేళ్లుగా ఆస్పత్రిలో చేస్తున్నానండి నేను. మనిషికి ఇన్ని రకాలుగా ప్రమాదం జరగొచ్చని మీరు చెప్పాకే తెలిసింది. డ్యూటీ దిగొచ్చి కూడా కన్ను మూయలేకపోయాను.”

“కోతుల సంగతేంటండి?” అన్నారు శ్యాంబాబు గారు. “మా వాడి ప్యాంటుకి జేబులు కుట్టేయించాను. అది చాలా?”

ఆశాజ్యోతి నా కాలు తొక్కింది. కానీ అడిగినదానికి చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు.

“జేబులు మూసేస్తే చేతిలో పట్టుకుంటాడండి. చేతిలో ఉంటే మరీ ప్రమాదం. బిస్కెట్లన్నీ నా దగ్గర పెడతాను, కొండ దిగాకే ఇస్తాను. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, వాన పడితే నాచు. అందుకని ముందు మా ఆయన, మధ్యలో ఆశాజ్యోతి, అందరికన్నా వెనక నేను. ఎవరైనా జారితే నా మీదే పడాలి. ఆకాశం మబ్బేస్తే ఎక్కనివ్వను, ఎక్కినవాళ్లని దింపేస్తాను. మా ఆయన కోప్పడినా దింపేస్తాను.”

ఆశాజ్యోతి నా వైపు చూడటం మానేసింది. పని పూర్తిగా చెడగొట్టానని అనుకున్నాను.

తబిత గారు కుర్చీలో ముందుకి జరిగారు. “అయితే మీరు వస్తున్నారన్నమాట.”

“రాకుండా ఎలా అండి. ఆడపిల్లలున్నారు కదా.”

“పొద్దున్న మాకు ఆ మాట చెప్పలేదేంటి?”

ఆలోచించాను. నిజమే, జరగబోయేవన్నీ చెప్పాను గాని నేను వస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

“మీ ఆయన ధైర్యస్థుడండి,” అన్నారు తబిత గారు. “మాకు భయం అదే. ధైర్యస్థుల పక్కన పిల్లల్ని ఎలా వదలమంటారు? మీలా భయపడే మనిషి ఒకరు వెనకాల ఉంటే మేం ఇంట్లో పడుకోగలం.”

తల్లులంతా తలలూపారు. ఒకావిడ అప్పుడే పెన్ను వెతుక్కుంటోంది. ఆశాజ్యోతి కాగితాలు పంచబోయింది. అప్పుడు శ్యాంబాబు గారు, చెడ్డ ఉద్దేశమేమీ లేకుండానే, అడిగారు.

“మీ అమ్మాయి కూడా వస్తోంది కదండీ?”

“వస్తుందండి.”

“సంతకం పెట్టేశారుగా?”

సంచి మీద నా చెయ్యి నాకు తెలియకుండానే బిగుసుకుంది. తబిత గారి కళ్లు ఆ చేతి మీద పడ్డాయి. రోగి నొప్పి ఎక్కడ దాస్తున్నాడో కనిపెట్టే కళ్లు అవి.

“ఫారం ఒకసారి చూపించండి.”

మందుల డబ్బా తీశాను. దూది తీశాను. ఓఆర్ఎస్ పొట్లాలు, బర్నాల్ ట్యూబు, పాము కాటుకి ఫోన్ చెయ్యాల్సిన నెంబర్లు రాసిన అట్టముక్క తీశాను. అడుగున ఉన్న కాగితం మడతలు విప్పి టీపాయ్ మీద పెట్టాను.

పది మంది వంగి చూశారు. తండ్రి గీత మీద మా ఆయన సంతకం గుండ్రంగా ఉంది.

“మీరే పెట్టనప్పుడు...” అన్నారు శ్యాంబాబు గారు. మిగతాది అనలేదు. మంచి మనిషి.

ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో కుక్కరు రెండు కూతలు వేసి ఊరుకుంది. పెన్ను వెతుక్కుంటున్నావిడ వెతకడం మానేసింది.

తబిత గారు తన జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి నా ముందు పెట్టారు. “బలవంతం లేదండి. కానీ మీ అమ్మాయి బస్సు ఎక్కకపోతే మా వాడు దిగిపోతాడు. ఇది మా అందరి మాట.”

నాది ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టే సంతకం. ‘లో’ రాసేటప్పుడు మెట్లు గుర్తొచ్చాయి. ‘వ’ రాసేటప్పుడు నాచు. ‘లక్ష్మి’ దగ్గరికొచ్చేసరికి అరుగు మీద మావయ్య, బెల్టు తోముకుంటున్న మా ఆయన, ఊచకి ముడి వేసి విప్పుతున్న పిల్ల కనిపించారు. ఆఖరి అక్షరం గీత దాటి తండ్రి సంతకం మీదికి ఎక్కేసింది.

“పెట్టాను,” అన్నాను.

తబిత గారు కాగితం ఎత్తి వెలుతురులో చూసి, తన ఫారం తీసి, కొట్టేసిన సంతకం పక్కనే మళ్లీ పెట్టారు. ఆ తర్వాత కాగితాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. శ్యాంబాబు గారు ఫారం భార్య చేతికిచ్చి సంతకం పెట్టించారు. వెనక వైపు తన చేత్తో ‘కోతులకు దూరంగా ఉంచవలెను’ అని రాసి కింద తేదీ కూడా వేశారు.

మిగిలిన ఇళ్లకి వెళ్తే గుమ్మంలోనే పెన్నులు పట్టుకుని ఉన్నారు. తబిత గారు అందరికీ ఫోన్లు చేసేశారు. ఒకావిడ సంతకం పెట్టాక, “పిడుగుల గురించి మాకు చెప్పలేదేంటండి?” అని నిష్ఠూరమాడింది. ఆవిడకీ చెప్పి వచ్చాను.

*

ఇంటికొచ్చేసరికి అయిదూ నలభై.

మా ఆయన కాగితాలు అందుకుని లెక్కపెట్టారు. రమ్యశ్రీతో కలిపి పద్దెనిమిది. ఆ పద్దెనిమిదోదాన్ని చాలాసేపు చూశారు. గీత దాటి తన పేరు మీదికి ఎక్కిన అక్షరం మీద వేలు పెట్టి తుడవబోయి, మానేశారు.

“చెయ్యి వణికిందండి,” అన్నాను.

“కనిపిస్తోంది.” పొద్దుటి నుంచీ ఆయన నాతో మామూలుగా అన్న మొదటి మాట అది. ఫోను తీసుకుని అరుగు మీదికి వెళ్లారు. వెళ్తూ, “పప్పు బాగా కుదిరింది. నాన్నే వండాడు,” అన్నారు.

“కడిగి పెట్టిన పప్పు వండటం ఎంతసేపు,” అన్నారు మావయ్య బయట నుంచి.

లోపలి గదిలో రమ్యశ్రీ మంచం మీద కూర్చుని ఉంది. యూనిఫారం ఇస్త్రీ చేసి మేకుకి వేలాడుతోంది. కింద సంచి ఖాళీగా ఉంది.

“ఇంకా సర్దుకోలేదేంటే? సంతకం పెట్టేశాను. అందరూ పెట్టేశారు. వెళ్తున్నాం.”

“నేను రానమ్మా.”

వినపడలేదేమో అనుకున్నాను. కోపంగా లేదు దాని గొంతు. అది అలిగితే నాకు తెలుస్తుంది, తలుపు తెలుస్తుంది, వీధికి తెలుస్తుంది. ఇది అలక కాదు.

“నా మీద కోపమా? వారం రోజులు ఆపాననా?”

“కాదు.”

“మరి?”

“నాకు భయమేస్తోంది.”

పద్నాలుగేళ్లలో దాని నోట ఆ మాట నేను వినలేదు. పక్కన కూర్చున్నాను. “దేనికి? మెట్లకా? కోతులకా?”

“నువ్వు వస్తున్నావుగా. తబిత ఆంటీ వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు, అందరికన్నా వెనక నువ్వే ఎక్కుతావంట.”

“అవును. ఎవరైనా జారితే పట్టుకోవడానికి.”

“నువ్వు జారితే?”

నేను ఏదో అనబోయాను. అది ఆపలేదు.

“మొన్న మార్కెట్లో నాలుగు మెట్లెక్కి స్తంభం పట్టుకుని నిలబడ్డావు. నేను చూశాను. అందరి మాత్రలూ గుర్తుపెట్టుకుంటావు, నీ బీపీ మాత్ర మర్చిపోతావు. మేమంతా ముందు ఎక్కేస్తాం. నీ వెనక ఎవరుంటారు? కోతి వచ్చి సంచి లాగితే వదిలెయ్యవు నువ్వు. అందులో అందరి మందులూ ఉన్నాయని పట్టుకుని ఎదురు లాగుతావు. అక్కడ మెట్ల పక్కన గోడ ఎంత ఎత్తుంటుందో నాకు తెలీదు. మబ్బేస్తే అందర్నీ దింపి ఆఖర్న దిగుతావు. పిడుగు ఎత్తుగా ఉన్నవాళ్ల మీద పడుతుందని నాన్న చెప్పారు.”

కోతి సంచి లాగితే నేను నిజంగానే వదలను.

“నువ్వు రానంటే నేను వెళ్తాను,” అంది. “నువ్వు వెళ్తే నేను ఇక్కడే ఉంటాను. అక్కడుండి చూడలేను.”

నేను వెళ్లకపోతే పద్దెనిమిది కాగితాలూ చిత్తు కాగితాలే. అది వెళ్లకపోయినా అంతే. ఆ సంగతి దానికి చెప్పానో లేదో గుర్తులేదు. దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నా చెయ్యి సంగతి నాకు ఎప్పుడూ తెలిసిందే గాని, ఎదుటి చెయ్యి అలా ఉంటే ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది.

మా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే గుమ్మంలోకి వచ్చారు. ముఖం తోమిన బెల్టు బిళ్లలా మెరుస్తోంది.

“ఉన్నారండి రమేష్ బాబు గారూ, పద్దెనిమిది మంది. ఆఁ, రాసుకోండి.” ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి మా ఇద్దరినీ చూశారు. “లీడర్ల పేర్లు ముందు చెప్పమంటున్నారు. లోవలక్ష్మి అని చెప్పనా?”

రమ్యశ్రీ నా వేళ్లు బిగించింది. ఇలాంటప్పుడు తల్లులు అనే మాట ఒకటుంది, ‘ఏం కాదులే’ అని. నేను దాన్ని ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అందామంటే, అబద్ధం చెప్తున్నానని నా పిల్లకి తెలిసిపోతుంది.

“లోవా,” అన్నారు మా ఆయన. “ఆయన లైన్లో ఉన్నారు.”